మంట నాది కాదు

నన్ను చేతిలోకి తీసుకున్నవాళ్లెవరైనా ముందు బరువు చూస్తారు, ఆ తర్వాత ఒక కన్ను మూసి లోపలికి చూస్తారు. రెండు వైపులా నోరు తెరిచి ఉన్న అల్యూమినియం గొట్టాన్ని నేను. బయటి వ్యాసం 54 మిల్లీమీటర్లు, గోడ మందం దాదాపు 3. పైనున్న ఎరుపు పెయింటు కాదు, అనొడైజింగ్. నాకు రెండు చివర్లా మరలున్నాయి. ముందు మూత ఒకటి, నాజిల్‌ను పట్టి ఉంచే వెనక మూత ఒకటి వాటిలో బిగుస్తాయి. సరదాగా రాకెట్లు ఎగరేసేవాళ్ల మోటారుకు ఒళ్లు నేను. మండేది ఇంధనం. దాన్ని రెండు మూడు సెకన్లు పట్టి ఉంచి, మళ్లీ ఇంకో రోజుకు పనికొచ్చేలా మిగలడం నా ఉద్యోగం.

మిగలడం అన్నది మా వంశంలో కొత్త. 18వ శతాబ్దంలో హైదర్, టిప్పుల సైన్యాలు ఇనప గొట్టాల్లో మందు కూరి రాకెట్లు వదిలాయి. అలాంటివి వెయ్యికి పైగా 2018లో శివమొగ్గ జిల్లా నగర కోట దగ్గర పాడుబడిన బావిలో బయటపడ్డాయి. అవన్నీ ఒక్కసారికే చేసినవి. శ్రీహరికోట నుంచి లేచే పీఎస్ఎల్వీ తొలి దశ ఒళ్లు 2.8 మీటర్ల వ్యాసమున్న మారేజింగ్ ఉక్కు. హైదరాబాద్‌లోని మిధాని ఆ ఉక్కు తయారుచేస్తుంది. అంత గొప్ప లోహం కూడా రెండు నిమిషాల లోపే పని ముగించుకుని బంగాళాఖాతంలో పడిపోతుంది. అమెరికాలో 1954లో చెప్పుల దుకాణం నడుపుకునే ఆర్విల్ కార్లైల్ పిల్లలకు ప్రమాదం లేని చిన్న రాకెట్ చేసినప్పుడు, దాని మోటారు ఒళ్లు కాగితం. కాలింది, పారేశారు. చిన్న మోటార్లు ఇప్పటికీ కాగితంవే. మోటార్లు పెద్దవయ్యేకొద్దీ కాగితం చాలలేదు. లోహపు గొట్టాన్ని ఉంచుకుని ఇంధనపు దిమ్మలు మాత్రం మార్చుకునే పద్ధతి 1990 ప్రాంతంలో వాడుకలోకి వచ్చింది. నేను ఆ తరహా దాన్ని.

నా లోహం పేరు 6061. అల్యూమినియంలో కాస్త మెగ్నీషియం, కాస్త సిలికాన్. 530 డిగ్రీల దాకా కాచి, నీళ్లలో ముంచి చల్లార్చి, మళ్లీ 170 డిగ్రీల దరిదాపుల్లో గంటల తరబడి ఉంచితే నాకు ఈ బలం వచ్చింది. చదరపు మిల్లీమీటరుకు 275 న్యూటన్ల దాకా లాగినా వదిలేస్తే మళ్లీ నా కొలతకు వస్తాను. వేడితో వచ్చిన బలం కాబట్టి వేడితోనే పోతుంది కూడా. 200 డిగ్రీలు దాటి ఎక్కువసేపు ఉంటే నేను కరగను, రంగు మారను, వంగను. చూడ్డానికి అలాగే ఉంటాను, బలం మాత్రం పోయి ఉంటుంది. నా గురించి నాకున్న పెద్ద భయం ఇదే.

మంట అంటుకున్నాక నాలోపల వాతావరణ పీడనానికి 50 రెట్ల ఒత్తిడి ఉంటుంది. లారీ టైరుకు 120 పీఎస్ఐ దాకా గాలి కొడతారు, నాలో 700 దాటుతుంది. ఆ ఒత్తిడికి నా గోడ మీద పడే లాగుడు చదరపు మిల్లీమీటరుకు 40 న్యూటన్లు. నా శక్తిలో ఏడో వంతు. కాబట్టి గోడకు గండం లేదు. గండమంతా చివర్లలో. ఒక్కో మూతను బయటికి తోసే బలం 900 కిలోల బరువుతో సమానం. ఆ బరువంతా నాలుగైదు చుట్ల మర మీద పడుతుంది.

ఏదైనా తేడా వచ్చి ఒత్తిడి హద్దు మీరితే ముందు ఊడాల్సింది మూతేనని నన్ను చేసినవాళ్లు తీర్మానించారు. నడుము పగిలితే పక్కనున్నవాళ్లకు ప్రమాదం, మూత ఊడితే పోయేది రాకెట్టే. ఈ సరదాలో ఉక్కు గొట్టాలను రానివ్వకపోవడానికి కారణం కూడా ఇలాంటిదే. అల్యూమినియం చీలుతుంది. ఉక్కు ముక్కలై ఎగిరితే దాని దారిలో ఉన్నవాళ్లు బతకరు. బలమైనదాన్ని కాదని మెత్తగా ఓడిపోయేదాన్ని ఎంచుకున్న ఆ ఆలోచన నాకు చాలా ఇష్టం.

మంట వేడి రెండున్నర వేల డిగ్రీలు. నా లోహం 600 దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. అయినా నేను మిగిలానంటే, మంట నన్ను తాకకపోవడం వల్లే. ఇంధనపు దిమ్మల చుట్టూ ఫినాలిక్ రెసిన్ తాగించిన కాగితపు గొట్టం ఒకటి ఉంటుంది. లోపలి నుంచి బొగ్గవుతూ, తాను కాలుతూ, వేడిని నా దాకా రానివ్వదు. మూతల దగ్గర రబ్బరు ఓరింగులు గ్యాసును ఆపుతాయి. ఎగిరిన ప్రతిసారీ ఆ గొట్టం పారేస్తారు, ఓరింగులు పారేస్తారు, చాలాసార్లు నాజిల్ కూడా. "మళ్లీ మళ్లీ వాడే మోటారు" అని నా ఒక్కదానికే పేరు. నా ఆయుష్షు వాటిది.

ఇంకో మాట. మంట ఆరాకే నేను ఎక్కువ వేడెక్కుతాను. కాలిన గొట్టంలో నిలిచిన వేడి మెల్లగా నాలోకి దిగుతుంది. నేలకు దిగిన రాకెట్‌ను పట్టుకోబోయి చెయ్యి చురుక్కుమన్నవాళ్లకు ఈ సంగతి తెలుసు.

ఓరింగు ఎంత ముఖ్యమో లోకానికి తెలిసింది 1986 జనవరి 28న. ఛాలెంజర్ అంతరిక్ష షటిల్ కుడి బూస్టర్ అతుకులో, ఆ చలి ఉదయాన రబ్బరు గట్టిపడి సమయానికి సర్దుకోలేకపోయింది. ఏడుగురు పోయారు. షటిల్ బూస్టర్ల ఒళ్లు కూడా నాలాగే మళ్లీ మళ్లీ వాడేవే. 3.7 మీటర్ల వెడల్పున్న ఉక్కు ముక్కలను అట్లాంటిక్‌లోంచి ఓడలతో లాక్కొచ్చి, కడిగి, కొలిచి, మళ్లీ నింపేవారు. 1981లో మొదటి యాత్రకు వాడిన భాగాలు 2011లో ఆఖరి యాత్రలోనూ ఉన్నాయి. అంత పెద్ద ఉక్కుకైనా, నాకైనా రక్షణ వేలెడు మందం కూడా లేని రబ్బరే.

నన్ను టెక్సస్‌లో కొన్నది విజయవాడ పటమట పిల్ల. మెకానికల్‌లో ఎంఎస్ చేయడానికి వెళ్లింది. ఎగరేసిన రోజే నన్ను కడిగేది. ఇంధనంలోని అమ్మోనియం పెర్‌క్లోరేట్ మండితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. ఆ మసిని తెల్లారేదాకా ఉంచితే తేమతో కలిసి నన్ను గుంటలు గుంటలుగా తినేస్తుంది. వెనిగర్ నీళ్లు, మెత్తటి బనీను గుడ్డ, చివరికి మరలకు పల్చగా గ్రీజు. ఒకసారి గాలి ఎక్కువగా ఉన్న మధ్యాహ్నం పారాచూట్ ఆలస్యంగా విచ్చుకుంది. రాకెట్ తోక వైపు నుంచి గట్టి నేలకు కొట్టుకుంది. నా వెనక నోరు దెబ్బతింది.

సెలవులకు ఇంటికొస్తూ ఆ పిల్ల నన్ను శుభ్రంగా కడిగి, మూతలతో సహా ఖాళీ గొట్టంగా పెట్టెలో తెచ్చింది. వచ్చిన రోజే వాళ్లమ్మ పీచు, బూడిద పట్టుకుని నన్ను తోమబోయింది. "వద్దమ్మా!" అని పిల్ల పరుగెత్తుకొచ్చింది. బూడిద క్షారం, అనొడైజింగ్ పొరను తినేస్తుంది. పీచు గీతలు ఓరింగు కూర్చునే చోట పడితే నా పని అయిపోయినట్టే.

వాళ్ల నాన్నకు ఆటోనగర్‌లో లేతు ఉంది. 1960లలో మొదలైన ఆ జవహర్ ఆటోనగర్‌లో పాడైన వస్తువంటూ ఉండదు. అరిగిన బోరుకు స్లీవు వేస్తారు, క్రాంకు షాఫ్టును గ్రైండింగ్ చేస్తారు, విరిగినదాన్ని వెల్డింగ్ పెట్టి మళ్లీ తిప్పుతారు. ఆయన నన్ను వెలుతురులోకి పట్టి చూశాడు.

"ఏంటమ్మా ఇది, జాకీ సిలిండరా?"

"కాదు నాన్నా, రాకెట్ మోటారు కేసింగు."

బొటనవేలు నా లోపలికి పెట్టి చుట్టూ తిప్పాడు. "బోరు అద్దంలా ఉంది. ఇదిగో, ఇక్కడ ఓరింగు కూర్చుంటది కదూ?"

"నీకెట్టా తెలిసింది?"

"టిప్పర్ జాకీలోనూ ఇంతేగా. ఇక్కడ గీత పడితే నూనె కారుద్ది. నీదాంట్లో ఏం కారుద్ది?"

"మంట."

ఆయన ఇక మాట్లాడకుండా మైక్రోమీటర్ తీశాడు. నడుము నాలుగు చోట్ల కొలిచాడు. ఉబ్బు లేదు. ఉబ్బితే లోహం ఒకసారి హద్దు దాటిందని అర్థం, ఆ గొట్టాన్ని ఇంక నమ్మకూడదు. తర్వాత బోర్ గేజి వెనక నోట్లో పెట్టాడు. మూడు పదో వంతుల మిల్లీమీటరు ఓవల్.

"లోపల కడ్డీ దిగ్గొట్టి గుండ్రంగా తెస్తా. లేదంటే ఇరవై మిల్లీమీటర్లు కోసేసి కొత్త మర తీస్తా. అరపూట పని."

"కోస్తే అది వేరే మోటారు అయిపోద్ది నాన్నా, రాకెట్ క్లబ్బువాళ్లు ఎగరనివ్వరు. కొట్టి సరిచేశావనుకో, అలా సరిచేసిన జాకీ టిప్పర్ కింద ఉంటే నువ్వు దాని కింద దూరతావా?"

ఆయన కాసేపు ఆలోచించి, "దూరను," అన్నాడు.

ఏదైనా బాగుచేసి జీవితం గడిపిన మనిషి ఆ మాట అనడం తేలిక కాదు. నా మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

అయినా ఊరికే వదల్లేదు. కొత్త ఓరింగులు వేసి, రెండు మూతలూ బిగించి, నాజిల్ రంధ్రం మూసి, నా నిండా నీళ్లు నింపి చేతిపంపుతో ఒత్తిడి పెంచాడు. గాలితో ఈ పరీక్ష చేయకూడదు. గాలి నొక్కుకుపోయి శక్తిని దాచుకుంటుంది, పగిలితే బాంబు. నీళ్లు దాదాపు నొక్కుకోవు, పగిలినా చొక్కా తడుస్తుందంతే. ముల్లు 300 పీఎస్ఐ దగ్గరికి రాగానే, వెనక నోటి దగ్గర దెబ్బతిన్న వైపు నుంచి దారమంత సన్నటి ధార బయటికి చిమ్మింది. 700 దాకా వెళ్లాల్సిన పని లేకపోయింది. ఎగరేసే మైదానంలో అయితే ఆ దారిలో మంట వచ్చేది, ఒకటి రెండు సెకన్లలో ఆ రంధ్రాన్ని తానే కరిగించి పెద్దది చేసుకునేది.

ఇక్కడ నాలో ఇంధనం నింపేదెలాగూ లేదు. ఈ దేశంలో 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నియమాలు దాటి ఇంట్లో ఎవరూ మోటారు నింపకూడదు. ఆ హద్దు ఉండాలనే నేనూ అంటాను. దారి మూసుకుపోలేదు కూడా. విద్యార్థుల మోడల్ రాకెట్ పోటీని అంతరిక్ష రంగపు ప్రభుత్వ సంస్థ ఇన్-స్పేస్ 2025లో ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్‌లో పెట్టింది. మన డెల్టా చివర, నాగాయలంక దగ్గర గుల్లలమోదలో క్షిపణి పరీక్షా కేంద్రానికి అదే ఏడాది మే 2న శంకుస్థాపన జరిగింది. ఈ నేల మీది పిల్లలకు ఒత్తిడి, వేడి, లోహం చేత్తో ముట్టుకుని నేర్చుకునే వస్తువులు కావాలి.

అందుకు ఆ తండ్రీకూతుళ్లు నన్ను మిల్లింగ్ మీద పెట్టి నిలువునా ఒక పట్టీ కోశారు. ఆ కిటికీలోంచి ఇప్పుడు అంతా కనిపిస్తుంది: ఓరింగు గాడి, మరల చుట్లు, ఓవల్ అయిన నోరు. ఊళ్లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో బల్ల మీద ఉంటాను. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువని ఆ పిల్ల వెళ్లేముందు నాకు నూనె రాసి వెళ్లింది.

మొన్న ఒక కుర్రాడు నా ముందు కాగితం మీద లెక్కవేసుకుని అడిగాడు: "లాగుడు 40, తట్టుకునేది 275. గోడ ఒక మిల్లీమీటరు చాలుగా మేడమ్, మూడెందుకు?"

వాళ్ల మేడమ్ నన్ను తిప్పి, కోసిన అంచు దగ్గర మరలను గోటితో చూపించింది. మర లోపల చెక్కాక అక్కడ మిగిలే మందం రెండు కూడా ఉండదు. 900 కిలోలను మోసేది ఆ మిగిలిందే. కుర్రాడు వెర్నియర్ తీసుకుని కొలవడం మొదలుపెట్టాడు.