బ్రూనోగారి అరకు యాత్ర

వేసవి సెలవులు రాగానే హైదరాబాదు అపార్టుమెంట్ల సెల్లార్ల నుంచి ఒక కొత్త రకం తీర్థయాత్ర బయల్దేరుతుంది. కారు డిక్కీ ఎత్తి ఉంటుంది. భార్యాభర్తలు సామాను సర్దుతుంటారు, పిల్లలు వీడియో తీస్తుంటారు. ఈ యాత్ర ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ మహానుభావుడు మాత్రం నాలుక బారెడు బయటపెట్టి రొప్పుతూ ఓ పక్కన నిలబడి ఉంటాడు. పేరు బ్రూనో. జాతి సైబీరియన్ హస్కీ. గమ్యం అరకు, 700 కిలోమీటర్ల పైమాటే. నెల మే. "వాడికి ట్రావెలింగ్ అంటే ప్రాణం అంకుల్" అంటాడు కుర్ర యజమాని. (యజమాని అనకూడదట, డాడీ అనాలట.) ప్రాణం సంగతి కోదాడ దాటాక తేలుతుంది.

నెల ముందునుంచీ సన్నాహాలు. నల్ల కళ్ళద్దాలు వచ్చాయి. పేరు అచ్చువేసిన మెడ రుమాలు వచ్చింది. వానకోటు వచ్చింది. నీళ్ళలో మునగకుండా తొడిగే లైఫ్ జాకెట్ కూడా వచ్చింది. అరకులో ఏ సముద్రం ఈదడానికి నాయనా అంటే, "ఫొటోల్లో బాగుంటుంది కదా అంకుల్" అన్నాడు. బ్రూనోకి సొంత ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఉంది. అందులో ఆయనే స్వయంగా రాసుకుంటాడు: మమ్మీ డాడీతో నా తొలి రోడ్ ట్రిప్, ఇంక ఆగలేకపోతున్నాను, అని. నాలుగు గంటలపాటు బండి ఎక్కడా ఆపకుండా తోలినప్పుడు ఆ మాట అక్షరాలా నిజమవుతుంది.

ఇంత సామానులో నీళ్ళ గిన్నె ఏదని అడిగితే మొగుడూపెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "దార్లో బాటిల్ కొంటాం లెండి." సరే, బ్రూనో మూత తిప్పుకుని తాగుతాడు కాబోలు.

ఈ హస్కీల పూర్వీకులు సైబీరియా ఈశాన్యపు కొసన చుక్చీ జనం పెంచిన బండి కుక్కలు. 1925 శీతకాలంలో అలాస్కాలోని నోమ్ పట్టణంలో డిఫ్తీరియా వ్యాపిస్తే, మందు చేర్చడానికి ఇరవైమంది మనుషులు, నూటయాభై దాకా కుక్కలు చేతులు మార్చుకుంటూ మంచులో వెయ్యి కిలోమీటర్లకు పైగా పరుగెత్తారు. ఆ పరుగులో పేరు తెచ్చుకున్న టోగో, బాల్టోలది ఈ జాతే. సున్నాకు ఎంతో దిగువన ఒళ్ళు వెచ్చగా ఉంచడానికి ప్రకృతి వీటికి రెండు పొరల బొచ్చు ఇచ్చింది. ఆ వంశాంకురాన్ని తెచ్చి మియాపూర్‌లో మూడో అంతస్తులో పెట్టుకున్నాం. పెట్టుకున్నవాళ్ళకు బొచ్చు మీద జాలి పుట్టింది. ప్రయాణానికి చల్లగా ఉంటుందని, తిరుపతిలో మొక్కు తీర్చినట్టు, నున్నగా గొరిగించేశారు. ఆ పైపొర ఎండ నేరుగా చర్మానికి తగలకుండా అడ్డుపడేది. ఇప్పుడు అదీ లేదు. అయినా క్లిప్పింగ్ సెంటర్ వాళ్ళు మెడకు బో కట్టి పంపారు గనక ఎవరికీ బాధ లేదు.

ఇంట్లో ఓ పెద్దావిడ ఉంది, కుర్రవాడి తల్లి. రోజూ బ్రూనోకి అన్నం పెట్టేది, సాయంత్రం కిందికి తీసుకెళ్ళేది ఆవిడే. "వాణ్ణి నా దగ్గర వదిలి వెళ్ళండిరా, ఇంత పెరుగన్నం పెట్టి చూసుకుంటాను, ఫ్యాన్ కింద పడుకుంటాడు" అందావిడ. "అమ్మో, మమ్మల్ని వదిలి వాడు ఒక్క పూట ఉండలేడమ్మా!" అన్నారు ఇద్దరూ ఏకకంఠంతో. పొద్దున్న తొమ్మిదికి ఆఫీసుకెళ్ళి రాత్రి ఎనిమిదికి వచ్చే ఇద్దరూ ఈ మాట అన్నారు. ఆ మధ్య గంటల్లో బ్రూనో ఎవర్ని వదిలి ఎవరి దగ్గర ఉంటున్నాడో ఆవిడ అడగలేదు. కోడలి ముందు కొన్ని లెక్కలు తీయకూడదని ఆవిడకు తెలుసు.

బండి కదిలింది. బ్రూనో తల కిటికీ బయట. గాలికి చెవులు ఎగురుతుంటే ఎంత ఆనందమో చూడండంటారు. విజయవాడ హైవే మీద లారీల వెనక ఎగిరే ఇసుక, కంకర నలుసులు నేరుగా కళ్ళలోకి వెళ్తాయి. పోనీ, కొన్న కళ్ళద్దాలైనా అప్పుడు పెడతారా? పెట్టరు. అవి వ్యూ పాయింట్ దగ్గరికి. ఛాతీకి తగిలించి సీటు బెల్టుకు కట్టే హార్నెస్ కొనలేదు. "కట్టేస్తే ఫీలవుతాడు అంకుల్." సడెన్ బ్రేకు పడ్డప్పుడు పాతిక కిలోల ఫీలింగ్ ముందు అద్దం మీదికి వెళ్తుంది, దారిలో డ్రైవరు మెడ ఉంటే దాన్ని కూడా కలుపుకుని. ఇంకొందరు మరీ తెలివైనవాళ్ళు. బెల్టును మెడపట్టీకే తగిలిస్తారు. అది బ్రేకు పడగానే ఉరి.

సూర్యాపేట దగ్గర హోటల్ వస్తుంది. లోపలికి కుక్కల్ని రానివ్వరు. "అయిదు నిమిషాలే, అద్దం కాస్త దించి ఉంచుదాం." మన దేశంలో టిఫిను అయిదు నిమిషాల్లో అయిన హోటల్ ఉంటే చెప్పండి, నేనూ వెళ్తాను. 2005లో స్టాన్‌ఫోర్డ్ వైద్యులు ఆగి ఉన్న కారులో వేడిని కొలిచారు. గంటలో లోపలి వేడి సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. అందులో 80 శాతం పెరుగుదల మొదటి అరగంటలోనే. అద్దం కాస్త దించి ఉంచినా పెద్ద తేడా లేదు. వాళ్ళు కొలిచింది బయట 22 నుంచి 36 డిగ్రీలు ఉన్న రోజుల్లో. మన మే నెల వాళ్ళ కాగితం మీదికి ఎక్కనే లేదు. మనిషికైతే ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకు చెమట పట్టేది దాదాపు అరికాళ్ళలోనే. మిగతాదంతా రొప్పి చల్లార్చుకోవాలి. మూసిన కారులో ఆ రొప్పు వదిలిన తేమే మళ్ళీ మొహాన కొడుతుంది. పగ్గు, షీట్జు లాంటి చప్పిడి ముక్కు బాపతుకు ఆ కాస్త రొప్పడం కూడా సరిగ్గా చేతకాదు. వాటి ముక్కులు ముద్దొస్తున్నాయని మనుషులే తరతరాలుగా లోపలికి నొక్కిపెట్టారు.

ప్రయాణానికి కుక్కను తయారుచేయడంలో ఇప్పటిదాకా ఎవరూ సోవియట్ వాళ్ళను మించలేదు. మాస్కో వీధుల్లో తిరిగే లైకా అనే కుక్కను పట్టుకొచ్చి, ఇరుకు అలవాటయ్యేందుకు చిన్న బోనులోంచి ఇంకా చిన్న బోనులోకి మార్చుతూ పెట్టారు. జెల్లీలాంటి తిండి అలవాటు చేశారు. పట్టీలు, గుండె కొలిచే తీగలు, మలమూత్రాలకు సంచీ, ఏదీ మరవలేదు. 1957 నవంబరు 3న స్పుత్నిక్-2లో అంతరిక్షంలోకి పంపించారు. తిరిగి తెచ్చే ఏర్పాటు మొదటినుంచీ లేదు. అన్నీ సిద్ధం చేసి పంపిన ఆ కుక్క కొద్ది గంటల్లోనే చచ్చిపోయింది. లోపల వేడెక్కిపోయి. ఆ సంగతి లోకానికి తెలిసింది 2002లో. అంతదాకా స్టాంపుల మీద లైకా బొమ్మ మాత్రం బ్రహ్మాండంగా ఉండేది.

మళ్ళీ సూర్యాపేటకు. బ్రూనో బతికే ఉన్నాడు, కంగారుపడకండి. పాపం ఆకలేస్తుందని బిర్యానీ పొట్లం తెస్తారు. అందులో వేయించిన ఉల్లిపాయ కుక్క రక్తకణాలను విరిచేస్తుంది. ఉడికిన కోడి ఎముక పుల్లలుగా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. పిల్లలు ప్రేమగా పెట్టే చాక్లెట్టు, ద్రాక్షపండు, చక్కెర లేదని గొప్పగా రాసి ఉన్న చూయింగ్ గమ్, ఏ ఒక్కటీ దానికి మంచిది కాదు. ఇంటి దగ్గర దిగుమతి చేసుకున్న గింజలు, కొలత గిన్నెతో కొలిచి పెట్టేవాళ్ళే ఇదంతా చేస్తారు. సెలవులు కదా, బ్రూనోకి కూడా సెలవులే.

అసలు సన్నాహం అంటూ ఒకటి ఉంది. కాకపోతే అందులో ఫొటోకు పనికొచ్చేది ఒక్కటీ లేదు. తెల్లవారుజామున బయల్దేరి ఎండ ముదిరేలోగా దిగిపోవడం. ఎక్కేముందు కడుపు నిండా పెట్టకుండా ఉండటం. రెండు గంటలకోసారి నీడలో ఆపి నీళ్ళు పట్టడం. పిడుదుల మందు, టీకాల పుస్తకం, దారిలో పశువుల డాక్టరు ఎక్కడున్నాడో ముందే అడిగి రాసుకోవడం. కుక్కల్ని రవాణా చేసేటప్పుడు అవి ప్రయాణానికి తట్టుకుంటాయని డాక్టరు పత్రం వెంట ఉండాలని 1978 నాటి జంతువుల రవాణా నిబంధనల్లోనే ఉంది. పత్రం సంగతి అడిగితే, "వాడి ఆధార్ కార్డు ఉందంకుల్" అని సరదాకు అచ్చువేయించిన కార్డు తీసి చూపించారు. పుట్టినతేదీతో సహా ఉంది. రేబిస్ టీకా ఎప్పుడు వేయించారో మాత్రం ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు.

కుక్కను వెంటబెట్టుకుని కొండలెక్కడం మన సంప్రదాయమేనని, ధర్మరాజు అంతటివాడే చేశాడని ఎవరో తప్పకుండా అంటారు. అన్నారు కూడా. మహాప్రస్థానంలో ఆ కుక్క తనంతట తాను వెంట నడిచింది. ఎవరూ దాన్ని వెనక సీట్లో కుక్కలేదు. పైగా స్వర్గం గుమ్మం దగ్గర ఇంద్రుడు కుక్కకు ప్రవేశం లేదంటే, అయితే నాకూ వద్దన్నాడు ధర్మరాజు. మనవాళ్ళు అరకులో ఏం చేశారు? రిసెప్షన్లో కుక్కల్ని అనుమతించమన్నారు. ఆన్‌లైన్లో బుక్ చేసినప్పుడు అడగలేదా అంటే, పెద్ద లాన్ కనిపించింది కదా అనుకున్నారట. డబ్బు వాపసు రాదని తెలిసింది. రెండు నిమిషాలు ధర్మమీమాంస నడిచింది. తర్వాత గది తాళాలు తీసుకుని, బ్రూనోని కారులోనే పడుకోబెట్టారు.

జంతువును వాహనంలో అనవసరమైన బాధ కలిగేలా తీసుకెళ్ళడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. తొలి తప్పుకు అందులో రాసిన జరిమానా 10 రూపాయలకు తగ్గదు, 50 రూపాయలకు మించదు. కొండ మీద పార్కింగ్ కుర్రాడు ఓ చీటీ చింపి యాభై అడిగితే ముప్ఫైకి బేరమాడతారు. దీనికి ఆ శ్రమ కూడా లేదు, అడిగేవాడు ఎలాగూ రాడు.