రిమోట్ ఆత్మకథ

ఈటీవీ ప్రసారాలు 1995 ఆగస్టు 27న మొదలయ్యాయి. ఇక్కడ తన కథ చెప్పుకుంటున్న ఈ రిమోట్, కలర్ టీవీ వెంట విశాఖపట్నంలోని ఒక మధ్యతరగతి ఇంటికి వచ్చిందీ ఆ ఏడాదే. దూరదర్శన్ ఒక్కటే వచ్చిన రోజుల్లో రిమోట్‌కు పెద్దగా పనుండేది కాదు. జెమినీ, ఈటీవీ వచ్చాక కేబుల్ కుర్రాడు చానళ్లు ట్యూన్ చేసి వెళ్లాడు. ఈటీవీ 5వ నంబరులో కూర్చుంది. కొన్నేళ్లకు ఆ బటన్ మీది అంకె అరిగి కనబడకుండా పోయింది.

వాణిజ్య చానల్ ప్రకటనల మీద బతుకుతుంది. అందుకని ఏ వేళకు ఇంట్లో ఎవరుంటారో చూసుకుని కార్యక్రమాలు పేర్చాలి. ఈటీవీ అధిపతి రామోజీరావు సంస్థలకు ముందే ఈనాడు పత్రిక, 1969లో మొదలైన అన్నదాత మాసపత్రిక, ఉషాకిరణ్ మూవీస్ సినిమాలు ఉన్నాయి. చానల్‌కు తొలి సరంజామా అక్కడే దొరికింది. ఉదయాన్నే వచ్చే ‘అన్నదాత’లో రైతు తన చేలోనే నిలబడి పెట్టుబడి, దిగుబడి లెక్క చెబుతాడు. ఈ ఇంటి పెద్దాయన పొలం అమ్ముకుని పట్నం చేరినవాడే. అయినా ఆ వేళకు రిమోట్ ఆయన చేతిలోనే ఉండేది.

సాయంత్రాలు సీరియళ్లవి. ‘అంతరంగాలు’ తొంభైల చివర ఇల్లిల్లూ తిరిగింది. రాజమౌళి సినిమాల్లో దర్శకుడు కాకముందు ‘శాంతినివాసం’ తీసింది ఈటీవీకే. 2008లో మొదలైన ‘అభిషేకం’ పదేళ్లు దాటినా ఆగలేదు. అవే సెట్లు, అవే ముఖాలు, ఖాయంగా చూసే జనం ఉంటే కథ ముగించాలన్న తొందర ఏ చానల్‌కు ఉంటుంది?

ఈటీవీ పేరు నిలబెట్టింది మాత్రం 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’. పిల్లలు పాడాక ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఆ పాట పుట్టిన సందర్భం, స్వరకర్త తీరు చెప్పేవారు. ఎక్కడ శ్రుతి జారిందో, ఏ ఒత్తు సరిగా పలకలేదో నొప్పించకుండా దిద్దేవారు. పోటీ పేరుతో పాఠం నడిచేది. పాటకు వాల్యూమ్ పెరిగేది, ప్రకటన రాగానే మ్యూట్ నొక్కేవారు. చానల్‌కు డబ్బు తెచ్చేది ఆ మ్యూట్ అయిన భాగమే.

2003 డిసెంబరులో ఈటీవీ-2 రావడంతో వార్తలకు వేరే నంబరు అమిరింది. 2014లో అది ఈటీవీ ఆంధ్రప్రదేశ్ అయింది, తెలంగాణకు మరో చానల్ వచ్చింది.

2013 మార్చి గడువుతో విశాఖలో సెట్‌టాప్ బాక్స్ తప్పనిసరైంది. చానళ్లు మార్చే పని దాని రిమోట్‌కు పోయింది. ఈ రిమోట్‌కు మిగిలినవి పవర్, వాల్యూమ్ బటన్లే. అంతకు కాస్త ముందే, ఫిబ్రవరిలో, ‘జబర్దస్త్’ మొదలైంది. చిన్న స్కిట్లు, టీముల పోటీ, ఊళ్ల నుంచి వచ్చిన కొత్త కమెడియన్లతో అది కుర్రకారును కట్టిపడేసింది. రెండర్థాల మాటలు, ఆడవేషాలపై వెకిలి జోకులు కూడా దండిగానే దొర్లేవి. పెద్దలు గదిలో ఉంటే వాల్యూమ్ గబుక్కున తగ్గేది. ఇంటిల్లిపాదీ కలిసి చూసే చానల్‌గా పేరు తెచ్చుకున్న ఈటీవీకి రేటింగుల వేటలో పడిన మచ్చ అది.

2020 సెప్టెంబరు 25న బాలసుబ్రహ్మణ్యం కన్నుమూశారు. తర్వాత ‘పాడుతా తీయగా’ను ఆయన కుమారుడు ఎస్పీ చరణ్ నడిపిస్తున్నారు.