మినియన్లూ, చక్కెరకేళీ

ఇవాళ్టికి పదకొండు రోజులు. మా ఇంట్లో టీవీ పెడితే వచ్చేవి వార్తలు కావు, మినియన్లు. సెలవులకి డాలస్ నించి దిగిన మా ఆరేళ్ళ మనవడు 'మినియన్స్' సినిమా నడుస్తుంటే తప్ప ముద్ద మింగడు. పప్పన్నానికి అరగంట, పెరుగన్నానికి అరగంట, "ఇదొక్కటే, ఆఖరి ముద్ద" కార్యక్రమానికి ఇంకో అరగంట. సినిమా నిడివి 91 నిమిషాలు. ఆ మిగిలిన ఒక్క నిమిషం మూతి కడగడానికి వదిలారు కాబోలు.

మినియన్ల మీద నాకు పాతకక్షలేమీ లేవు. 2010లో 'డెస్పికబుల్ మీ' చూసి నేనూ పొట్ట పట్టుకుని నవ్వినవాణ్ణే. కాని అందులో గ్రూ ఉన్నాడు. కత్తిలాంటి ముక్కు, అగ్గిపుల్లల్లాంటి కాళ్ళు, ఏకంగా చందమామనే కాజేద్దామన్న దుర్బుద్ధి. అంతటి ఘరానా దొంగ ఆఖరికి ముగ్గురు అనాథ ఆడపిల్లలకి కథ చదివి నిద్రపుచ్చే స్థితికొస్తాడు. ఆ కథ నడుస్తుంటే ఈ పసుప్పచ్చ మాత్రలు మధ్యమధ్య దొర్లుకుంటూ వచ్చి, నాలుగు తన్నుకుని పోయేవి. పెరుగన్నంలో చల్లమిరపకాయలా. 2015లో ఈ 'మినియన్స్'కి వచ్చేసరికి అన్నం, పెరుగు తీసేసి విస్తరి నిండా చల్లమిరపకాయలే వడ్డించారు.

మొదటి పది నిమిషాలూ బాగానే ఉంటుంది, కాదనను. దొర కోసం వెతుక్కునే బంట్ల కథ. దొరికిన ప్రతి దొరనీ సేవ చేసి చంపేస్తారు. ఫారో పిరమిడ్ కింద నలిగిపోతాడు. డ్రాక్యులాకి పుట్టినరోజు చేయబోయి ఎండ తగిలిస్తారు. తరవాత కెవిన్, స్టువర్ట్, బాబ్ అనే ముగ్గురు 1968 నాటి న్యూయార్కుకీ, అక్కణ్ణించి ఓర్లాండోకీ, అక్కణ్ణించి లండనుకీ వెళ్తారు. అన్ని ఊళ్ళెందుకో పదకొండుసార్లు చూసినా నాకు బోధపడలేదు. స్కార్లెట్ ఓవర్‌కిల్ అనే విలనమ్మకి రాణిగారి కిరీటం కావాలిట. సాండ్రా బుల్లక్ అంతటావిడ గొంతు అరువిచ్చినా ఆ పాత్రకి ప్రాణం రాలేదు. అంతా అయ్యాక, చిట్టచివర్న, పిల్లాడి వయసులో గ్రూ వచ్చి కిరీటం కొట్టేసి పోతాడు. అదిగో, అప్పుడు నేను కుర్చీలో సర్దుకుని కూచుంటాను. అప్పుడే సినిమా అయిపోతుంది.

నా గొణుగుడుకి బజారులో విలువ లేదని తెలుసు. మొదటి సినిమాకి లోకమంతా కలిసి 54 కోట్ల డాలర్ల చిల్లర ఇస్తే, ఈ చల్లమిరపకాయలకి 115 కోట్లు చదివించింది.

సినిమా పోతే పోయింది. మా ఇంట్లో అరటిపండు గతేమిటి? పడవలో ఆకలేసి స్టువర్ట్‌కి తోటివాళ్ళిద్దరూ అరటిపళ్ళలా కనిపిస్తారు. అది చూసి మావాడు "తాతా, బనానా!" అన్నాడు. రావులపాలెం గెలలు దిగే రాజమండ్రిలో పుట్టి పెరిగినవాణ్ణి, నాకా కొదవ? చక్కెరకేళి తెచ్చాను. పండినా ఒంటిమీద ఆకుపచ్చ పోని పండు. "నాట్ ఎల్లో" అని పక్కకి నెట్టాడు. అమృతపాణి తెచ్చాను. ముగ్గిందంటే ముట్టుకుంటే రాలే పండు, సంచీలోంచి తీసేసరికే విడివిడిగా దొర్లింది. "బ్రోకెన్" అన్నాడు. కర్పూరం తెస్తే దాని పొట్టితనాన్నీ, బొజ్జనీ చూసి "బేబీ బనానా" అని జాలిపడి దుప్పటి కప్పాడు. తినలేదు. ముప్పై ఏళ్ళుగా నాకు పళ్ళిస్తున్న వీరన్న దగ్గర మొర పెట్టుకున్నాను.

"మనవడుగారికి జీ-నైన్ పట్టుకెళ్ళండి బాబూ. మచ్చుండదు, మరకుండదు" అన్నాడు.

జీ-నైన్! అది పండు పేరా, రైల్లో బోగీ నంబరా? అమృతం చేతిలో పట్టుకొచ్చినట్టు పేరు పెట్టిన జాతి మనది. పొడుగ్గా, పచ్చగా, ఒక్క ఈనెకూడా పక్కకి జరగకుండా, అచ్చం సినిమాలోంచి ఊడిపడినట్టుంది. మనవడు రెండు తిన్నాడు. నేనూ ఒకటి ఒలిచాను. తీపి ఉంది. ఇంకేమీ లేదు. ఈ సినిమా గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ పండులోనే ఉందని మా ఆవిడతో అంటే, "పండు మీద కూడా సమీక్షేనా, తొక్క అవతల పారెయ్యండి" అంది.

ఇంతకీ మినియన్లు ఏ భాష మాట్లాడతాయి? ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్ ముక్కలు ఏరి కలిపిన కిచిడీ అది. అవి ఏదో అంటాయి, మనవడు పగలబడి నవ్వుతాడు. "ఏమంటోందిరా?" అంటాను. నాకు తెలీని భాషని నాకందని ఇంగ్లీషులోకి మార్చి ఓపిగ్గా చెబుతాడు. ఇద్దరం నవ్వుతాం. వాడికి బంగాళాదుంపల వేపుడు ఎలా ఉందో అడగడానికి మాత్రం నాకు మా అబ్బాయి సాయం కావాలి.

మినియన్ల గొంతులు దాదాపు అన్నీ దర్శకుల్లో ఒకడైన పియెర్ కొఫాఁవే. ఆయన తల్లి ఎన్.హెచ్. దినీ ఇండొనేషియాలో పేరున్న నవలాకారిణి. ఆ గోలలో 'తెరిమా కసీ' అనే మాటొకటి దొర్లుతుంది. అది ఇండొనేషియా భాషలో కృతజ్ఞత చెప్పే మాట. ఫ్రాన్సులో పెరిగినవాడు అమ్మ భాషలో మాటని పసుపు మాత్రల నోట పెట్టి లోకమంతా తిప్పాడు. అది తెలిశాక ఆ రాత్రి మావాడి తెలుగు మాటలు వేళ్ళమీద లెక్కపెట్టాను. తాతా, నానమ్మా, రా, వద్దు, నీళ్ళు, అబ్బా. రెండో చేతి మొదటి వేలి దగ్గరే ఆగింది. వాడి నాన్నకి ఇంగ్లీషు బాగా రావాలని ఇంట్లో తెలుగు మాట్లాడితే కసిరింది ఎవరో మా ఆవిడకి గుర్తుంది. ఆవిడ ఆ విషయం ఎత్తలేదు.

పొద్దున్న సంచీ పట్టుకుని బజారుకెళ్ళాను.

"ఓ డజను బనానా ఇవ్వు" అన్నాను.

వీరన్న గెల కోస్తున్న కత్తి ఆపి, నన్ను ఎగాదిగా చూసి, "తమరిదే ఊరండీ?" అన్నాడు.