లేని క్లచ్‌కి అడ్జస్ట్‌మెంట్

మా వీధిలో ఇప్పుడు అందరూ క్లచ్ డాక్టర్లే. ఆదివారం పొద్దున్న ఇడ్లీ పాత్ర ఇంకా పొయ్యి దిగలేదు, ఎదురింటి కుర్రాడు స్కూటరు ఎడమ పక్క కవరు విప్పేసి కూర్చున్నాడు. ఫోన్ సీటుకి ఆనించి ఉంది. రీలు ఒక ముక్క చూడ్డం, ఆపడం, ఒక బోల్టు తిప్పడం.

“ఏటి నానా, ఏటైంది బండికి?”

“ఏటీ అవలేదు అంకుల్. బెల్టు ఎవరిది వాళ్లే చూసుకోవాలంట.”

జబ్బు లేని బండికి ఆపరేషను. ఆ రీళ్లు మీ ఫోన్లోకీ వచ్చే ఉంటాయి. సర్వీసు సెంటరు అక్కర్లేదు, పది నిమిషాలు చాలు, స్పానరు పట్టుకున్న ప్రతివాడూ మెకానిక్కే.

అందులో ఒకాయన బయల్దేరే ముందు, ఇంజను ఊపుని వెనక చక్రానికి అందించే బెల్టుని కాసేపు వేడెక్కించమంటాడు. ఇది కెనడాలో మంచు మీద తిరిగే బళ్లకి చెప్పే మాట. మైనస్ ముప్పైలో రబ్బరు బిగుసుకుపోతుంది కాబట్టి వాళ్లు వేడి చేసుకుంటారు, స్పేరు బెల్టు కూడా బండిలోనే పెట్టుకుంటారు. మే నెల మధ్యాహ్నం మా విశాఖ ఎన్.ఏ.డి. జంక్షన్‌లో ట్రాఫిక్ ఆగిపోతే బెల్టు సంగతి తర్వాత, దాని మీద కూర్చున్నవాడు ఉడికిపోతాడు. పోనీ, దీన్ని క్షమించేద్దాం.

క్షమించలేనిది క్లచ్ అడ్జస్ట్‌మెంట్.

పోయిన నెల బండి సర్వీసుకిస్తే బిల్లులో ఒక లైను వచ్చింది: క్లచ్ అడ్జస్ట్‌మెంట్, 250 రూపాయలు. నాది గేర్లు లేని స్కూటరు. ఎడమ చేతి కింద ఉన్నది బ్రేకు. “బాబూ, క్లచ్ ఎక్కడుంది, నువ్వు దేన్ని అడ్జస్ట్ చేశావు?” అని అడిగాను. “లోపల ఉంటదండీ, సెట్ చేశాం” అన్నాడు, గర్భగుడిలో మూలవిరాట్టు గురించి చెబుతున్నట్టు.

ఉంది, నిజమే. వెనక చక్రం దగ్గర ఒక గిన్నె, దాని లోపల స్ప్రింగులతో కట్టేసిన మూడు షూలు. ఇంజను వేగం పెరిగితే అవి విచ్చుకుని గిన్నెని పట్టుకుంటాయి, బండి కదులుతుంది. తగ్గితే ముడుచుకుంటాయి. అరిగితే మార్చాలి. నున్నబడి బండి బయల్దేరేటప్పుడు వణుకుతుంటే ఎమెరీ కాగితంతో రుద్దాలి. సర్వీసులో బిగించడానికి కేబుల్ లేదు, వదులు చేయడానికి స్క్రూ లేదు. మరి 250 రూపాయలకి ఏం తిప్పినట్టు? మీసం లేని మొహానికి సంపెంగ నూనె రాసి బిల్లేశారు.

మంచుబళ్లలో కథ వేరు. వాటికి క్లచ్ ముందు పుల్లీలోనే ఉంటుంది. బెల్టు ఎంత వదులుండాలో సరిచేసుకునే ఏర్పాటు చాలా వాటికి వెనక పుల్లీ దగ్గర ఉంటుంది. ఆ బళ్ల వీడియో చూసినవాడు తెలుగులో రీలు చేశాడు. ఆ రీలు చూసినవాడు షెడ్డు పెట్టాడు. ఆ షెడ్డుకి నేను బండిచ్చాను. సలహా కెనడా నుంచి విశాఖ దాకా క్షేమంగా చేరింది, తిప్పాల్సిన స్క్రూ మాత్రం అక్కడే ఉండిపోయింది.

1984లో కైనెటిక్ హోండా వచ్చిందే క్లచ్ నొక్కే బాధ తప్పించడానికి. నలభై ఏళ్లయ్యాక ఆ క్లచ్‌ని బిల్లులో తిరిగి బిగించారు.

ముందు పుల్లీలో తేలిక రోలర్లేస్తే పికప్ రెట్టింపు అనేవాళ్లూ ఉన్నారు. పెరిగేది ఎక్కువగా ఇంజను అరుపు, ఆ తర్వాత పెట్రోలు ఖర్చు. బెల్టు కీచుమంటే గ్రీజు రాయమన్న మహానుభావుడికి వేరే నమస్కారం. బెల్టు పని పట్టుకోవడం, గ్రీజు పని జారనివ్వడం. అంతకంటే ఏం చెప్పాలి!

ఈ ఊరికి బెల్టులు కొత్తా? పోర్టులో ఖనిజం, స్టీల్ ప్లాంటులో బొగ్గు కన్వేయర్ బెల్టుల మీదే కదా కదిలేది. ప్లాంటులో కన్వేయర్ ఫిట్టరుగా చేసి రిటైరైన మా బాబాయి ఎదురింటి కుర్రాడి రీలు సగం చూసి ఫోన్ తిరిగిచ్చేశాడు. “బెల్టు సావు అంచు కాడ మొదలవుద్దిరా. ఈడు అంచే చూపించలేదు” అన్నాడు.

అంచే కాదు, వెడల్పూ చూపించలేదు. అరిగిన బెల్టు సన్నబడుతుంది, పుల్లీలో లోపలికి దిగిపోతుంది. ఇంజను అరుస్తుంది, బండి కదలదు. వెర్నియర్ పెట్టి వెడల్పు కొలవాలి, వంచి పగుళ్లు చూడాలి. మా పాతనగరంలో కవరు విప్పితే నల్లటి పొడి రాలుతుంది. అది బెల్టు పొడో పోర్టు బొగ్గో తేల్చడం ఇంకో విద్య. రీలులో అయితే పుల్లీ తిరగకుండా ఫ్యాను రెక్కల్లో స్క్రూడ్రైవరు గుచ్చాడు. ఆ రెక్క విరిగితే కొత్తది ఎవరు కొనిస్తారు?

నాకు ఒళ్లు మండేది మాత్రం ఇక్కడ కాదు. బెల్టు తెగితే అది బండివాడి నిర్లక్ష్యమట, ఆ రీలాయన తీర్పు. ఎవడి నిర్లక్ష్యం? ఈ ఊళ్లో సగం రోడ్లు ఎత్తూ పల్లమే. డెలివరీ కుర్రాళ్లకి వీపున డబ్బా, వెనక సంచి, రోజుకి ముప్పై గడపలు, ప్రతి గడప దగ్గరా ఆగడం, మళ్లీ ఎక్కుడు. రబ్బరు కాలిపోయేది అలాగే. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లు ఇంటి నుంచి ఆఫీసుకి చల్లగా వెళ్లొచ్చేవాడి లెక్క. హనుమంతవాక ఎత్తులో రాత్రి పదింటికి బెల్టు తెగి బండి తోసుకెళ్తున్న కుర్రాడికి ఆ పూట కూలి పోయింది, బెల్టు ఖర్చు మీద పడింది, ఆలస్యమైందని యాప్ కోత కోసింది. కంపెనీ పెట్టెలో పెట్టి నకిలీ బెల్టు అంటగట్టినవాడు హాయిగా నిద్రపోతున్నాడు. ఆ కుర్రాడికి జాగ్రత్త లేదంటాడా వీడు? నోరెలా వచ్చింది?

సరే, మా ఎదురింటి ఆపరేషను సంగతి. సాయంత్రానికి కవరు మూసుకుంది, స్టార్టయింది, గేటు దాటలేదు. సోమవారం ట్రాలీ ఆటోలో షెడ్డుకి తీసుకెళ్లారు. రాత్రి కుర్రాడు బిల్లు తెచ్చి చూపించాడు. మూడో లైను: క్లచ్ అడ్జస్ట్‌మెంట్, 300.

నా మీద యాభై ఎక్కువ.