నేను ఆపింది, ఆపనిది

ఆ రోజు తొమ్మిదో తరగతి గదిలో 38 మంది పిల్లలున్నారు. పత్తి తీతలు నడుస్తున్న నెల కాబట్టి మిగతా పదిమంది చేన్లలో ఉండి ఉంటారు. కిటికీలకు పాత చార్టులు అడ్డం పెట్టి, చీకటి చేసి, గోడ మీద ప్రొజెక్టరుతో వీడియో వేశాను. 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి నేల మీద నిలబడి, ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతిలో డేగ ఈక పట్టుకుని రెండింటినీ ఒక్కసారే వదిలిన దృశ్యం అది. సుత్తి 1.32 కిలోలు, ఈక సుమారు 30 గ్రాములు. రెండూ కలిసి కిందికొచ్చి కలిసి నేలను తాకాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ ముక్క నిమిషం కూడా ఉండదు. అదే ఊపులో గురుత్వాకర్షణ మీద తెలుగులో చేసిన 17 నిమిషాల పాఠం కూడా పెట్టేశాను. మంచి బొమ్మలు, మంచి గొంతు, ఎక్కడా తడబాటు లేదు. నేను వెనక బెంచీ పక్కన నిలబడ్డాను. గదిలో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దానికి నా కడుపు నిండిపోయింది. వీడియో అయ్యాక "అర్థమైందా?" అన్నాను. "అయింది సార్" అని 38 గొంతులూ ఒక్కటై పలికాయి. గంట కొట్టారు. నేను రిజిస్టరులో పాఠం పూర్తయిందని రాసుకున్నాను.

వీడియో మీద నాకు అంత నమ్మకం ఎలా కుదిరిందో చెప్పాలి. 2016లో జియో వచ్చేవరకూ ఒక చిన్న వీడియో దించుకోవాలంటే రాత్రంతా పట్టేది. పొద్దున లేచి చూస్తే సగంలో ఆగిపోయి ఉండేది. డేటా చవకయ్యాక ప్రపంచంలోని మంచి మాస్టర్లంతా నా జేబులోకి వచ్చినట్టనిపించింది. ఆ తర్వాత కరోనా. 2020 సెప్టెంబరు 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానెళ్లలో పాఠాలు మొదలయ్యాయి. మేం వాడలు తిరిగి పిల్లలు టీవీ ముందు కూర్చున్నారో లేదో చూసి రాసుకుని వచ్చేవాళ్లం. బడులు మూతబడిన ఆ కాలంలో అంతకంటే దారి లేదు, ఆ పాఠాలు చెప్పినవాళ్లు ఎంతో కష్టపడ్డారు. కానీ నాకొక అలవాటు అంటుకుంది. పిల్ల తెర ముందు కూర్చుంటే చదువు అందినట్టే అని లెక్క వేసుకోవడం నేర్చుకున్నాను. బడులు తెరిచాక కూడా ఆ లెక్క మారలేదు.

వారం తర్వాత స్లిప్ టెస్టు పెట్టాను. ఒకటే ప్రశ్న: చంద్రుడి మీద సుత్తి, ఈక ఒకేసారి ఎందుకు పడ్డాయి? ఆ రాత్రి ఇంట్లో కాగితాలు దిద్దుతుంటే చాలావాటిలో ఒకే మాట కనిపించింది. "చంద్రుడి మీద గాలి ఉండదు. గాలి లేదు కాబట్టి గురుత్వాకర్షణ ఉండదు. అందుకే దేనికీ బరువు లేక రెండూ సమానంగా పడ్డాయి." 38లో 29 కాగితాలు ఇదే దారిలో ఉన్నాయి. గురుత్వాకర్షణే లేకపోతే అసలు కిందికెందుకు పడతాయన్న ప్రశ్న ఒక్కరికీ రాలేదు. వాళ్ల మనసులో ముందే ఉన్న ఆలోచనను చంద్రుడి వీడియో చెరిపేయలేదు సరికదా, గట్టిపరిచింది. కళ్లారా చూశారు కదా, ఇంకేం అనుమానం?

అప్పుడైనా నేను తెలుసుకోవాల్సింది. తెలుసుకోలేదు. పిల్లలు శ్రద్ధగా చూడలేదనుకున్నాను. మర్నాడు వాళ్లను మందలించి, అదే వీడియో మళ్లీ మొదటినుంచి చివరిదాకా వేశాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చెయ్యి ఆగుతోంది.

దానికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఫిబ్రవరిలో జరిగింది.

ఏటా ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవం. 1928లో అదే రోజున సి.వి. రామన్ తన ఆవిష్కరణ చేశారు. మండల స్థాయిలో ఉపన్యాస పోటీ పెట్టారు. మా తరగతిలో ఒక అమ్మాయి ఉంది. పెద్దగా మాట్లాడదు, కానీ మాట్లాడితే వినబుద్ధేస్తుంది. ఆమెను ఎంచుకున్నాను. రామన్ 1921లో ఓడ మీద వస్తూ మధ్యధరా సముద్రపు నీలం చూసి, ఆకాశం నీడ పడటం వల్లే ఆ రంగు వచ్చిందన్న మాటకు సమాధానపడలేకపోయారని క్లాసులో చెప్పి ఉన్నాను. మర్నాడు ఆ అమ్మాయి తనంతట తానే మొదలు తయారుచేసుకొచ్చింది. మా ఊరి చెరువు పొద్దున ఒక రంగు, మిట్టమధ్యాహ్నం ఒక రంగు, వానొచ్చే ముందు ఇంకో రంగు ఉంటుందని మొదలుపెట్టింది. బట్టలుతకడానికి వెళ్లినప్పుడు వాళ్ల అమ్మమ్మ ఆ రంగు చూసి వాన సంగతి చెబుతుందట. నేను ఫోనులో రికార్డు చేస్తూ ఆమెను అక్కడ ఆపేశాను. "చెరువు ముచ్చట పోటీలో ఎందుకు, సూటిగా సైన్సులోకి రావాలి" అన్నాను.

ఆ రోజుల్లో నేను టెడ్ ప్రసంగాలు తెగ చూసేవాణ్ని. 2006 నుంచి అవి నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, 18 నిమిషాలకు మించకూడదన్న కట్టుబాటుతో చేసినవి. మాట్లాడేవాళ్లు వేదిక మీద అటూ ఇటూ నడుస్తారు, అరచేతులు తెరుస్తారు, కావాలని ఆగుతారు. అదే గొప్ప ఉపన్యాసమని నమ్మాను. ఒక ప్రసంగాన్ని ఆమెకు పదిసార్లు చూపించాను. ఎన్నో వాక్యానికి రెండడుగులు నడవాలో, ఎక్కడ చెయ్యి చాచాలో, ఎక్కడ ముందుకు వంగాలో నేర్పాను. పదమూడు రోజులు సాయంత్రం బడి వదిలాక ఆమెను ఉంచి, ఇదంతా చేయించాను. ఆమె ఒక్కసారి కూడా కాదనలేదు. సార్ చెప్పారు కదా.

పోటీ జరిగిన హాల్లో ఒకటే మైకు, స్టాండుకు బిగించి ఉంది. తెర మీద మేం చూసిన వక్తకు మైకు చెంప దగ్గరే ఉంటుంది, ఎటు నడిచినా గొంతు వెంట వస్తుంది. ఆ తేడా నాకు తట్టనే లేదు. మా అమ్మాయి మూడో వాక్యానికి, నేను నేర్పినట్టే, రెండడుగులు పక్కకు నడిచింది. గొంతు మాయమైంది. వెనక వరసల్లోంచి "వినబడ్తలేదు" అని అరిచారు. గబగబా మైకు దగ్గరికొచ్చింది. ఎక్కడ వదిలిందో గుర్తు రాలేదు. చెయ్యి మాత్రం నేను చెప్పినట్టు చాచి ఉంది. అలాగే కాసేపు నిలబడి, నమస్కారం పెట్టి దిగిపోయింది. బస్సులో నా పక్క సీట్లోనే కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ వచ్చింది. నేను ఓదార్చబోయాను, మాట రాలేదు.

ఆ రాత్రి ఫోనులో ఆమె వీడియోలు రెండు పక్కపక్కన కనిపించాయి, మొదటి రోజుది, చివరి రోజుది. రెండూ చూశాను. మొదటిదాంట్లో ఆ పిల్ల చెరువు గురించి చెబుతూ నా వైపు చూస్తోంది, అంటే తన మాట నాకు అందుతోందో లేదో చూసుకుంటోంది. మాట్లాడటంలో అసలు విద్య అదే. చివరిదాంట్లో ఆమె ఎవరినీ చూడటం లేదు. అడుగులు లెక్కపెట్టుకుంటోంది. పదమూడు రోజుల్లో ఆమె గొంతులోంచి ఆమెను తీసేసింది నేనే.

నిద్ర పట్టలేదు. పిల్లను ఇన్నిసార్లు రికార్డు చేసిన నేను నన్ను ఒక్కసారైనా చేసుకున్నానా అనిపించింది. బీఈడీలో సూక్ష్మబోధన అని ఒక పాఠం ఉంది. 1963లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ అలెన్ బృందం మొదలుపెట్టిన పద్ధతి. కొత్త మాస్టరు కొద్దిమంది పిల్లలకు కాసేపు పాఠం చెబుతాడు, వీడియోలో తనను తాను చూసుకుంటాడు, లోపం దిద్దుకుని మళ్లీ చెబుతాడు. మన దగ్గర దాన్ని 36 నిమిషాల చక్రంగా నేర్పుతారు: బోధన 6, పరిపుష్టి 6, మళ్లీ ప్రణాళిక 12, మళ్లీ బోధన 6, మళ్లీ పరిపుష్టి 6. ఈ అంకెలు పరీక్షలో తప్పు లేకుండా రాసి మార్కులు తెచ్చుకున్నాను. మేం చదివినప్పుడు కాలేజీలో వీడియో కెమెరా లేదు, తోటి విద్యార్థులే పిల్లలై కూర్చుని కాగితం మీద టిక్కులు పెట్టేవారు. కానీ తర్వాత? జేబులో కెమెరా వచ్చి ఎన్నేళ్లయింది? పిల్లల డాన్సులు తీశాను, జెండా వందనాలు తీశాను, నా పాఠం ఒక్కటీ తీయలేదు.

హెడ్‌మాస్టరును అడిగి, పిల్లలకు చెప్పి, వాళ్ల ముఖాలు పడకుండా నల్లబల్ల, నేను మాత్రమే కనబడేలా ఫోను అల్మారా మీద నిలబెట్టాను. 40 నిమిషాల పీరియడ్ మొత్తం తీశాను. ఆదివారం పొద్దున తలుపు వేసుకుని చూశాను. తన గొంతు తాను వినడమే ఎవరికైనా కష్టం. దాన్ని ఓర్చుకుని కాగితం మీద గీతలు గీసుకుంటూ లెక్కపెట్టాను. 31 ప్రశ్నలు అడిగాను. అందులో 26 ప్రశ్నలకు జవాబు నేనే చెప్పేశాను. ప్రశ్నకూ నా జవాబుకూ మధ్య ఒక్క సెకను కూడా లేదు. "అర్థమైందా" 19 సార్లు. ఎడమ వైపు ఆడపిల్లల వరస వైపు నా తల తిరిగింది రెండుసార్లే. ఆ అమ్మాయి కూర్చునేది ఆ వరసలోనే.

అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త 1970లలోనే ఈ విషయం మీద పనిచేశారు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతున్నారని, అది 3 సెకన్లు దాటితే పిల్లల జవాబులు పొడవవుతాయని, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడతారని ఆమె చూపించారు. వేచి ఉండే సమయం గురించి నేనూ చదివాను. ఆ సెకను నా పాఠంలో ఎలా ఉంటుందో చూశాకే అది నాకు తగిలింది.

తెర మీది పాఠాల సంగతీ అప్పుడే వెతికాను. వెరిటాసియం అనే సైన్సు ఛానెల్ నడిపే డెరెక్ ముల్లర్ సిడ్నీ విశ్వవిద్యాలయంలో 2008లో పూర్తిచేసిన పీహెచ్‌డీ సరిగ్గా దీని మీదే. భౌతికశాస్త్రాన్ని శుభ్రంగా, సూటిగా వివరించే వీడియో చూసిన విద్యార్థులు చాలా తేలిగ్గా ఉందన్నారు, పరీక్షలో మాత్రం దాదాపు మొదట ఉన్నచోటే ఉన్నారు. సాధారణంగా అందరూ పొరబడే ఆలోచనను ముందు బయటపెట్టి, దాంతో తలపడే వీడియో చూసినవాళ్లు గందరగోళంగా ఉందన్నారు, కానీ వాళ్లే ఎక్కువ నేర్చుకున్నారు. తేలిగ్గా ఉందనిపించడం నేర్చుకోవడానికి గుర్తు కాదన్నమాట. పొడవు సంగతి మరొకటి. 2014లో ఫిలిప్ గువో బృందం ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలిస్తే, వీడియో ఎంత పొడవున్నా జనం సామాన్యంగా 6 నిమిషాలకు మించి చూడటం లేదని తేలింది. వాళ్లు తమ ఇష్టంతో చూసేవాళ్లు, వద్దనుకుంటే మూసేసేవాళ్లు. నా పిల్లలకు లేచి వెళ్లే వీలు లేదు. కళ్లు గోడ మీద పెట్టి, మనసు ఎక్కడికి పంపుకున్నారో నేను అడగలేదు.

ఈ ఏడు కొత్త తొమ్మిదో తరగతికి అదే పాఠం వచ్చింది. ముందురోజు చేను నుంచి తెచ్చిన పత్తి గుప్పెడు, ఒక రాయి పట్టుకెళ్లాను. రెండూ వదిలాను. రాయి ముందు పడింది. అదే పత్తిని గట్టిగా ఉండ చుట్టి దారంతో బిగించి మళ్లీ వదిలాం. ఈసారి రెండూ దాదాపు కలిసే పడ్డాయి. దేని బరువూ మారలేదు కదా, మరేం మారిందని అడిగి, నోరు మూసుకున్నాను. మూడు సెకన్లు చాలా పొడవని అప్పుడే తెలిసింది.

తర్వాత వీడియో వేసి, స్కాట్ రెండు చేతులూ చాచిన క్షణంలో ఆపాను. ఇప్పుడేమవుతుంది? సుత్తి ముందు అన్నవాళ్లెందరు, రెండూ తేలతాయన్నవాళ్లెందరు, కలిసి పడతాయన్నవాళ్లెందరు, బోర్డు మీద రాశాను. వెనక బెంచీలో ఎప్పుడూ మాట్లాడని ఒక అబ్బాయి లేచాడు. "సార్, గాలి లేకపోతే గుంజేది కూడ ఉండది గద?" పోయిన ఏడు 29 కాగితాల్లో చదివిన మాట. అది తప్పు అనబోయి ఆగాను. ఆడపిల్లల వరసలోంచి ఒక గొంతు వచ్చింది. "గుంజేదే లేకపోతే మరి ఆయన ఎట్ల నిలవడ్డడు?"

గది కదిలిపోయింది. ఒకరి మీద ఒకరు మాట్లాడుకున్నారు. పావుగంట తర్వాత వీడియో నడిపించాను. ఈసారి చప్పట్లు కొట్టలేదు, మళ్లీ వేయమన్నారు. అసలు వేగంలోనే మళ్లీ వేస్తే ఫోనులో సమయం కొలిచారు. ఆ ఎత్తు, అంటే దాదాపు 1.6 మీటర్లు, పడటానికి అక్కడ సెకను పైనే పట్టింది. క్లాసులో అదే ఎత్తు నుంచి రాయి వదిలితే అర సెకను దాటి కొంచెం. గుంజుతోంది, కానీ తక్కువగా గుంజుతోంది. ఆరో వంతు అనే మాట నేను తర్వాత చెప్పాను, వాళ్లు అడిగినప్పుడు.

ఆ వారమే, ఇప్పుడు పదో తరగతిలో ఉన్న ఆ అమ్మాయిని పిలిచి క్షమించమన్నాను. మాస్టరు అలా అనడం ఆమెకు ఇబ్బందిగానే ఉంది, తల వంచుకుంది. కాసేపాగి, "సార్, మొదటి రోజుది ఫోన్ల ఉన్నదా?" అంది. ఉంది, తీసేయలేదు. స్టాఫ్ రూములో బల్ల మీద పెట్టి చూపించాను. చెరువు, అమ్మమ్మ, వాన రంగు. అక్కడ నా గొంతు వచ్చి వీడియో ఆగిపోయింది.

"చెరువు ముచ్చట ఇంక ఉండె సార్. అప్పుడు మీరు ఆపిండ్రు."

"చెప్పు బిడ్డా" అని ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను.