గోడ దూకని గ్యాస్

నంద్యాల గ్యాస్ చాలా బుద్ధిమంతురాలట. 2020 జూన్ 27న ఎస్పీవై ఆగ్రో ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకై జనరల్ మేనేజర్ ప్రాణం పోయింది. అయినా గ్యాస్ ఫ్యాక్టరీ దాటలేదు, జనం భయపడనక్కర్లేదని అధికారులు సెలవిచ్చారు.

అదే ఏడాది మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ స్టైరీన్ గ్యాస్ చేసిందేమిటి? కరోనా లాక్‌డౌన్ అని కూడా లేకుండా తెల్లవారుజామున వెంకటాపురం వీధుల వెంట పడింది. పెంపకం లోపం! మన సీమ గ్యాస్ అట్లా కాదు. గేటు దాకా వచ్చి, వాచ్‌మన్‌ను చూసి, గేట్ పాస్ లేదని గుర్తొచ్చి వెనక్కి మళ్లింది. ఆళ్లగడ్డలో చుట్టాలున్నా సరే, కంటైన్‌మెంట్ జోన్లు దాటుకుంటూ అంత దూరం ఎవరు పోయేవారు? అప్పట్లో మాస్కు లేకపోతే జరిమానా కూడానాయె.

ఇంతటి క్రమశిక్షణకు ఆగస్టు 15న ప్రశంసాపత్రం ఇవ్వాల్సిందే. ఆళ్లగడ్డ శిల్పులతో విగ్రహమూ చెక్కించాలి. రూపం లేనిదాన్ని ఎట్లా చెక్కుతారంటారా? లేని ఠీవిని ఎందరు నాయకులకు చెక్కలేదు! ఇక డిటెక్టర్లు, సైరన్లు దండగ. ప్రహరీ మీద 'గ్యాసులు గోడ దూకరాదు' అని రాయిస్తే తనిఖీ అయిపోయినట్టే.

అసలు బుద్ధిమంతురాలు మురుగునీటి ట్యాంకులో ఉంటుంది. పేరు హైడ్రోజన్ సల్ఫైడ్. గాలికన్నా బరువు కాబట్టి గోడ సరే, తొట్టి గట్టు కూడా అంత తేలిగ్గా దాటదు. గాలి తగలని బురదలో పుడుతుంది, బురద కదిపితే పైకి లేస్తుంది, ఆ గుంతలోనే కాచుకుని కూర్చుంటుంది. మొదట కుళ్లిన గుడ్ల కంపు. 100 పీపీఎం దాటితే ముక్కు మొద్దుబారి, కంపు పోయిందిలే అనిపిస్తుంది. 2017 మార్చిలో మొగల్తూరు మండలంలోని ఆక్వా ఫ్యాక్టరీ ట్యాంకులో ఐదుగురు. 2018 ఫిబ్రవరిలో పలమనేరు దగ్గర కోళ్ల కంపెనీ మురుగు తొట్టిలో ఏడుగురు. అక్కడా గ్యాస్ బయటికి రాలేదండీ. దిగినవాళ్లే రాలేదు.

జనానికి ప్రమాదం లేదంటారు. లోపల చచ్చినవాడు జనం కాదా? గోడకు ఇవతల ఉన్నవాడే మనిషా? దిగేముందు తాడుకు గ్యాస్ మీటరు కట్టి అడుగు దాకా దించి చూడటం, బ్లోయర్‌తో గాలి ఆడించడం, నడుముకు బెల్టు, గట్టు మీద కాపలా మనిషి, పడిపోయినవాణ్ణి లాగబోయే రెండోవాడికి వీపున గాలి సిలిండర్, ముఖానికి మాస్కు. ఇవి లేకుండా కూలివాణ్ణి బురదలోకి దించడాన్ని ప్రమాదం అనకండి, ఒళ్లు మండుతుంది. నంద్యాల తర్వాత రెండు రోజులకే విశాఖ దగ్గరి పరవాడలో గ్యాస్ లీకై ఇంకో ఇద్దరు పోయారు. విచారణ కమిటీలు తర్వాత వేసుకోవచ్చు. జిల్లాలో ఏ ఫ్యాక్టరీ ట్యాంకు దగ్గర మీటరు ఉందో, దాన్ని ఆఖరిసారి ఎప్పుడు, ఎవరు చూశారో, ముందు ఆ రిజిస్టరు తెచ్చి బల్లమీద పెట్టండి.