డేటా కరువు మండలాలు

అనంతపురం వాళ్లకు కరువు గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఏడాది మొత్తం వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. జైసల్మేరు తర్వాత మనమేనని కాస్త గర్వంగా కూడా చెప్పుకుంటాం. అందుకేనేమో, తెలుగుకు ‘డేటా కరువు’ వచ్చిందని సదస్సుల్లో పెద్దలు గొంతు బొంగురు చేసుకుంటుంటే ఆ వరస బాగా తెలిసినట్టే ఉంటుంది. 2011 జనగణనలో ఎనిమిది కోట్ల పైచిలుకు మంది మాతృభాష అని రాయించిన భాష ఇది. దాదాపు పదిహేను శతాబ్దాల నాడే రాళ్ల మీదికెక్కిన భాష. దాన్ని కంప్యూటరుకు పోయడానికి చుక్క లేదట! కరువు మండలంగా ప్రకటించి నిధులు విడుదల చేయాలట.

ప్రకటించే ముందు ఒక ప్రభుత్వ ఉత్తర్వు వెనకాలే నడిచి చూడండి. గుమాస్తా దాన్ని కంప్యూటరులోనే తెలుగులో కొడతాడు. అప్పటికది చక్కని అక్షరం. దాన్ని ప్రింటు తీసి, సంతకం పెట్టి, సీలు గుద్ది, వంకరగా స్కాన్ చేసి పీడీఎఫ్‌గా ఎక్కిస్తారు. అక్షరం బొమ్మైపోయింది. ఆనక ఇంకో కార్యాలయం తెలుగు పాఠం దొరకడం లేదని వాపోయి, బొమ్మలోంచి అక్షరాలు పీకే ఓసీఆర్‌కు నిధులు తెస్తుంది. యంత్రం ‘ఘ’ను ‘మ’ అని, ‘థ’ను ‘ధ’ అని చదువుతుంది. ఆ తప్పులు దిద్దడానికి విద్యార్థులను కూర్చోబెడతారు. పుట్టినప్పుడే అక్షరంగా ఉన్నది మళ్లీ అక్షరమైనందుకు ఒక నివేదిక, ఒక శాలువా.

ప్రచురణకర్తలూ తక్కువ తినలేదు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన తెలుగు తెర మీద ముత్యాల్లా ఉంటుంది. లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే ఏ భాషకూ చెందని గజిబిజి. యూనికోడ్ వచ్చి ఏళ్లు గడిచినా ఎన్నో అచ్చాఫీసుల్లో ఇదే వరస. దశాబ్దాల తెలుగు సాహిత్యం ఇలా తాళం పడి ఉంటే, బయట అరుగు మీద కూర్చున్న మేధావులు ‘మన భాషలో ఏముంది’ అని నిట్టూరుస్తుంటారు.

సరే, కరువు వచ్చిందనే అనుకుందాం. కరువొస్తే మావాళ్లు చేసే పని బోరు వేయడం. సదస్సుల పెద్దలూ అదే చేస్తున్నారు. మా దగ్గర పాయింటు చూసేవాడు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు, అది నిక్కిన చోట నీళ్లుంటాయంటాడు. అక్కడ కన్సల్టెంటు పవర్‌పాయింటు పెట్టుకుని తిరుగుతాడు. తర్వాత రిగ్గు లారీ, దుమ్ము, కొబ్బరికాయ, పేపర్లో ఫొటో. నిరుడు వేసిన బోరు ఎన్ని గజాల దూరంలో ఉందని ఎవరూ అడగరు. ఒకే రకం వాక్యాలను ముగ్గురు మూడు చోట్ల సేకరిస్తారు. ముగ్గురూ ‘తెలుగులో తొలిసారిగా’ అని రాసుకుంటారు. గ్రాంటు అయిపోయిన మర్నాటి నుంచి సైటు తెరుచుకోదు. డేటా కావాలని అడిగితే ‘దరఖాస్తు పెట్టండి, కమిటీ పరిశీలిస్తుంది’ అంటారు. కమిటీ గడువు కూడా గ్రాంటుతోపాటే తీరి ఉంటుంది. రైతు బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తెచ్చుకోవాలి. కొత్త డేటా ప్రాజెక్టుకు పక్క బోరు చూపించమనే చట్టం లేదు పాపం.

మరి నీళ్లు నిలిచిన చోట్లు లేవా? ఉన్నాయి. కడపలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, తాటాకు ప్రతులు పోల్చి చూసుకుంటూ బ్రౌను దొర కూర్చిన నిఘంటువు 1852లో అచ్చయింది. 1903లో దాన్ని దిద్ది మళ్లీ వేశారు. ఇప్పుడు షికాగో విశ్వవిద్యాలయం సైటులో పదం కొడితే అర్థం వస్తుంది. తాటాకు నుంచి తెర దాకా ఒకే నీరు పారింది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాలతో తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం ఉంది. నాగలి భాగాన్ని ఏ ప్రాంతపు రైతు ఏమంటాడో ఊళ్లు తిరిగి, రైతు నోటి నుంచే రాసుకొచ్చి వేసిన పుస్తకం. అప్పుడు ఏఐ లేదు, సైకిలుంది.

అంతదాకా ఎందుకు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ గూగుల్‌తో కలిసి నడుపుతున్న వాణి ప్రాజెక్టు బొమ్మలు చూపించి ‘మీ మాటల్లో చెప్పండి’ అంటూ జనం గొంతులు రికార్డు చేస్తోంది. తొలి విడత 80 జిల్లాల్లో అనంతపురమూ ఉంది. ఆ రికార్డులు ఎవరైనా దించుకోవచ్చు. దేశం మొత్తం మీద లక్షన్నర గంటల మాట సేకరించాలని, అందులో పదో వంతు రాతలోకి ఎక్కించాలని సంకల్పం. మిగతా తొమ్మిది వంతులు చెవి ఉన్న విద్యార్థి కోసం కాచుకుని ఉంటాయి. ఎం.ఏ. తెలుగు తరగతికి ఇంతకంటే మంచి పని ఏముంది? బుడ్డలు పెరికే రైతు మాట విని, తప్పు లేకుండా రాసి, పదం పక్కన ఊరి పేరు పెడితే పిల్లలకు భాషాశాస్త్రమూ వస్తుంది, భాషకు వనరూ మిగులుతుంది. కానీ రేపెవరైనా ‘అనంతపురం యాసకు రికార్డులే లేవు’ అని కొత్త ప్రతిపాదన రాస్తే నేను ఆశ్చర్యపోను. అందులో రిగ్గు లారీ అద్దె కూడా కలిపే ఉంటుంది.

డేటా వదిలినవాళ్లలో చాలామంది దాని పుట్టుపూర్వోత్తరాలు రాయరు. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ ఏడాది, ఎవరు దిద్దారు, ఏ తప్పులు మిగిలాయి అనే వివరం ఉండదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో లక్షల పుస్తకాలు స్కాన్ చేశారు, మెచ్చుకోవాల్సిందే. కానీ తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. పుస్తకం ఉన్నట్టే ఉండేది, పేరు వెతికితే దొరికేది కాదు. దీని పక్కన 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం పెట్టి చూడండి. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు, కట్ట కొలతలు, రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అంటూ అన్నీ చెక్కించాడు. ఆరున్నర శతాబ్దాలు దాటినా చదువుకోవచ్చు. మన వాళ్ల డేటా వెంట వచ్చేది మాత్రం ‘ఫైనల్_కొత్త_2’ అనే ఫైలు.

సీమలో దశబంధం ఇనాం అని ఒకటుండేది. చెరువు కట్టించినవాడికో బాగుచేసినవాడికో ఆ నీటి కింది భూమిలోనో శిస్తులోనో వాటా ఇచ్చేవారు. బదులుగా మరమ్మతు అతని బాధ్యత. పని మానేస్తే ఇనాం పోయేది. తెలుగు డేటాకూ అదే పెట్టండి అంటాను. కొత్త గ్రాంటు అడిగినవాడు పాత డేటాలో తాను ఏది వాడుకున్నాడో, ఏ తప్పు దిద్దాడో చూపించాలి. తన సైటు ఐదేళ్లు తెరుచుకుంటేనే చివరి వాయిదా.

దీనికి వచ్చే అభ్యంతరాలూ నాకు తెలుసు. పాత పదకోశంలో తప్పులు దిద్దితే పదోన్నతి దరఖాస్తులో ఏ గడిలో రాయాలని ప్రొఫెసర్ గారు అడుగుతారు. పూడిక తీస్తే మంత్రి గారు ఎక్కడ నిలబడి రిబ్బన్ కత్తిరించాలని అధికారి గారు అడుగుతారు.